వాలు విరిగే చోటు: మద్నూర్ మెట్ల నేల, ఎత్తుల పటం

ఒకే కామారెడ్డి జిల్లాలో ఉన్నా, తూర్పున కామారెడ్డి, ఎల్లారెడ్డి పరిసరాల నేలకూ, పడమటి కొసన మహారాష్ట్ర సరిహద్దును ఆనుకుని ఉన్న మద్నూర్ నేలకూ పుట్టుకలోనే తేడా ఉంది. తూర్పు భాగాన గ్రానైటు గుండ్లు పేర్చినట్టుండే గుట్టలు, వాటి చుట్టూ ఎర్రమట్టి చెలకలు, పల్లాల్లో చెరువులు కనిపిస్తాయి. పడమటికి పోయేకొద్దీ గుండ్లు తగ్గిపోయి, పత్తి, సోయా, కంది పండే నల్లరేగడి చేలు బల్లపరుపుగా పరుచుకుంటాయి. వాటి నడుమ పెద్ద ఎత్తు లేకపోయినా చాలా దూరం సాగే మిట్టల ఒడ్డులు ఎదురవుతాయి. ఈ ఒడ్డుల దగ్గర నేల వాలు ఉన్నట్టుండి మారుతుంది. అలాంటి చోటుకు ఈ వ్యాసంలో వాలు విరుపు అని పేరు. అంకెల రూపంలో ఉన్న ఎత్తుల పటం నుంచి ఆ విరుపులను సాఫ్ట్‌వేర్ ఎలా పట్టుకుంటుంది, పట్టుకున్నదానిలో ఎంత నిజం, ఎంత భ్రమ అన్నదే ఇక్కడి విషయం.

మద్నూర్ వైపు రేగడికి అడుగున ఉన్నది బసాల్టు రాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్ పీఠభూమి మీద పొరలు పొరలుగా పారి గట్టిపడిన లావాకు భూగర్భ శాస్త్రవేత్తలు దక్కన్ ట్రాప్ అని పేరు పెట్టారు. ట్రాప్ అన్న మాట స్వీడిష్ భాషలో మెట్లు అనే అర్థమిచ్చే పదం నుంచి వచ్చింది. ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. ఒక్కొక్క లావా పొరలో నడిమి భాగం గట్టిగా ఉండి అరుగుదలకు లొంగదు, పై భాగం గాలిబుడగల తొర్రలతో గుల్లగా ఉండి త్వరగా మొరంగా మారుతుంది. అందువల్ల లక్షల ఏళ్ల వానకూ ఎండకూ గుల్ల పొర వెనక్కు జరిగి, గట్టి పొర అంచు నిలువుగా మిగిలి, నేల మెట్లు మెట్లుగా తయారవుతుంది. మెట్టు పైభాగం చదును, అంచు నిటారు, అడుగున మళ్లీ చదును. ఈ మూడూ కలిసే రెండు గీతలే వాలు విరుపులు.

ఆ గీతల దగ్గర రైతుకు పని ఉంది. మెట్టు పైన మట్టి పలచన, కొద్ది లోతుకే మొరం తగులుతుంది. అంచున రాళ్లు తేలి ఉంటాయి. పైనుంచి కొట్టుకువచ్చిన సన్నమట్టి అడుగున చేరి, అక్కడి రేగడి లోతుగా, ఎండకాలంలో కాలు దిగేంత నెర్రెలు విచ్చే రకంగా ఉంటుంది. గుల్ల పొరలో ఇంకిన నీరు కింది గట్టి పొరను దాటలేక పక్కకు సాగి, మెట్టు అంచున ఊటగా బయటపడే అవకాశం ఉంది కాబట్టి బావి ఎక్కడ, ఇంకుడు కుంట ఎక్కడ అన్న ప్రశ్నలకు కూడా ఈ గీతతో సంబంధం ఉంటుంది. ఒర్రెలు కోసుకుపోవడం మొదలయ్యేది కూడా తరచు ఇక్కడి నుంచే. అయినా సర్వే ఆఫ్ ఇండియా వారి 50 వేలకు ఒకటి స్కేలు పటంలో సమోన్నత రేఖల నడుమ అంతరం సాధారణంగా 20 మీటర్లు. ఎనిమిదో పదో మీటర్ల మెట్టు ఆ రెండు రేఖల నడుమనే దాగిపోతుంది. మద్నూర్ పరిసరాలు 56 ఎఫ్ వరుసలోని పటాల్లో వస్తాయి. ఆ పటాలను ఎంత శ్రద్ధగా చదివినా ఇలాంటి చిన్న మెట్ల జాడ తెలియదు.

ఆ లోటును తీర్చడానికి ముందుకొచ్చింది డిజిటల్ ఎలివేషన్ మోడల్, అంటే నేలను సమానమైన చదరపు గడులుగా విడగొట్టి, ఒక్కొక్క గడికి ఒక ఎత్తు అంకెను రాసిన పట్టిక. ఈ ప్రాంతానికి కొలతల చరిత్ర కొత్త కాదు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే దక్షిణం నుంచి బీదరు సమీపంలోని దామరగిద్ద వరకు వచ్చి, అక్కడి నుంచి ఉత్తరానికి, ఇంచుమించు మద్నూర్ రేఖాంశం వెంబడే సాగింది. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్‌లో మరణించే నాటికి కూడా ఆ పని ముగియలేదు. అదే నేలను 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష నౌక 11 రోజుల ప్రయాణంలో రాడార్‌తో కొలిచింది. ఎస్ఆర్‌టీఎం అనే ఆ సమాచారం నేడు సుమారు 30 మీటర్ల గడులలో ఉచితంగా దొరుకుతుంది. 2005 మే 5న ప్రయోగించిన కార్టోశాట్-1 ఉపగ్రహం జంట ఛాయాచిత్రాలతో తయారైన కార్టోడెమ్‌ను హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భువన్ పోర్టల్ ద్వారా అందిస్తోంది. 2011 నుంచి 2015 వరకు జర్మన్ రాడార్ ఉపగ్రహాలు సేకరించిన కొలతలతో రూపొందిన కోపర్నికస్ పటం మూడోది. వీటిని తెరిచి లెక్కించడానికి క్యూజీఐఎస్, గ్రాస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు. జిల్లా కేంద్రంలోని ఏ డిగ్రీ కళాశాల కంప్యూటరైనా వాటిని మోయగలదు.

లెక్క ఎలా నడుస్తుందో తెలియడానికి ఏడు అంకెలు చాలు. ఒక మెట్టుకు అడ్డంగా 30 మీటర్లకు ఒకటి చొప్పున వరుసగా ఏడు గడుల ఎత్తులు 400, 401, 401, 409, 416, 417, 418 మీటర్లుగా ఉన్నాయనుకోవాలి. పక్కపక్క గడుల తేడాలు తీస్తే 1, 0, 8, 7, 1, 1 వస్తాయి. ఇవి వాలుకు గుర్తులు. 30 మీటర్ల దూరంలో 8 మీటర్ల ఎక్కుడు అంటే సుమారు 15 డిగ్రీల వాలు. ఇప్పుడు ఆ తేడాల మధ్య మళ్లీ తేడా తీస్తే మైనస్ 1, 8, మైనస్ 1, మైనస్ 6, 0 వస్తాయి. ఈ రెండో తేడాలోనే అసలు సంగతి ఉంది. 8 అన్న పెద్ద అంకె మెట్టు అడుగున, చదును ముగిసి ఎక్కుడు మొదలైన చోట నిలుస్తుంది. మైనస్ 6 మెట్టు పై అంచున, ఎక్కుడు ముగిసి మళ్లీ చదును మొదలైన చోట నిలుస్తుంది. వాలు ఎంత ఉందన్నది మొదటి తేడా చెబుతుంది, వాలు ఎక్కడ విరిగిందన్నది రెండో తేడా చెబుతుంది. వాలు పటాన్ని మాత్రమే చూసి విరుపు గీతలు గీసేవారు తరచు మెట్టు అంచు మొత్తాన్ని ఒక మందపాటి పట్టీగా గుర్తిస్తారు. దాని పాదమూ (అడుగు విరుపు), భుజమూ (పై అంచు విరుపు) వేరువేరు గీతలన్న సంగతి అక్కడ మరుగున పడుతుంది.

అసలు పటంలో అంకెలు ఒకే వరుసలో ఉండవు, నాలుగు దిక్కులా పరుచుకుని ఉంటాయి. అందువల్ల సాఫ్ట్‌వేర్ ప్రతి గడి చుట్టూ ఉన్న ఎనిమిది గడులను కలుపుకొని, మూడు అడ్డాలు మూడు నిలువుల కిటికీలోంచి చూస్తూ వాలును లెక్కగడుతుంది. బెర్తోల్డ్ హార్న్ 1981లో ప్రతిపాదించిన పద్ధతి ఇందులో విరివిగా వాడుకలో ఉంది. వాలు పటం తయారైన తరువాత దాన్నే ఎత్తుల పటంలా భావించి మరోసారి వాలు లెక్కిస్తే, వాలు మీది వాలు వస్తుంది. ఇందులో విరుపు తీవ్రత కనిపిస్తుంది కాని పాదమేదో భుజమేదో తెలియదు. ఆ తేడా కావాలంటే వక్రతను లెక్కించాలి. నీరు పారే దిశలో నేల లోపలికి వంగితే పుటాకారం, బయటికి ఉబ్బితే కుంభాకారం. మెట్టు పాదం మొదటి రకం, భుజం రెండో రకం. ఏ రకానికి ప్లస్ గుర్తు, ఏ రకానికి మైనస్ గుర్తు అన్న విషయంలో సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి ఏకీభవించవు కాబట్టి, రూపం ముందే తెలిసిన ఒక పెద్ద గుట్ట అంచు మీద ఆ గుర్తును సరిచూసుకోకుండా ముందుకు పోవడం మంచిది కాదు.

లెక్కకు ముందే జరిగే ఒక పొరపాటు కామారెడ్డి జిల్లాలో మరీ తేలికగా జరుగుతుంది. ఎత్తులు మీటర్లలో, గడుల దూరాలు అక్షాంశ రేఖాంశ డిగ్రీలలో ఉన్న పటం మీద నేరుగా వాలు లెక్కించమంటే, చదును చేను కూడా నిలువుగోడగా వస్తుంది. దూరాలను మీటర్లలోకి మార్చడానికి వాడే యూటీఎం విధానంలో భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా విభజించారు. 78వ రేఖాంశం 43వ పట్టీకీ 44వ పట్టీకీ హద్దు. ఆ హద్దు ఈ జిల్లా మధ్యగానే పోతుంది. మద్నూర్ 43లో పడితే, కామారెడ్డి 44లో పడుతుంది. ఎల్లారెడ్డి హద్దును దాదాపు తాకుతూ ఉంటుంది. జిల్లా పటాన్ని రెండు ముక్కలుగా వేరువేరు పట్టీల్లో లెక్కించి అతికిస్తే, అతుకు వెంట లేని విరుపు పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. జిల్లా మొత్తానికి ఒకే పట్టీని ఎంచుకుని, కొద్దిపాటి సాగుదలను సహించడమే ఇక్కడ మేలు.

ఇంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది, మద్నూర్ నేలకు అది ప్రత్యేకించి వర్తిస్తుంది. ఎస్ఆర్‌టీఎం పటంలో ఎత్తులు పూర్ణాంకాల్లో ఉంటాయి. 401 తరువాత 402 తప్ప నడుమ ఏమీ ఉండదు. రేగడి చేలలో నేల కిలోమీటరుకు నాలుగైదు మీటర్లు మాత్రమే దిగుతున్నప్పుడు, పటంలో ఆ దిగుడు నున్నగా కనిపించక, కొన్ని గడుల పాటు పూర్తి చదును, ఆపైన ఒక్కసారిగా ఒక మీటరు పతనం, మళ్లీ చదును అన్నట్టుగా కనిపిస్తుంది. 30 మీటర్లలో ఒక మీటరు అంటే దాదాపు 2 డిగ్రీల వాలు. అంటే బసాల్టు మెట్ల ప్రాంతంలో, మెట్లే లేని చోట అంకెల గుండ్రింపు వల్ల మెట్లు పుడతాయి. లావా కట్టిన మెట్టూ, పట్టిక కట్టిన మెట్టూ తెర మీద ఒకే రంగులో మెరుస్తాయి. వీటిని విడదీయడమే మొత్తం పనిలో ఎక్కువ ఓపిక కోరే భాగం. కోపర్నికస్ పటంలో ఎత్తులు దశాంశాలతో ఉంటాయి కాబట్టి గుండ్రింపు మెట్లు అందులో పుట్టవు. రెండు పటాల్లోనూ ఒకే చోట నిలిచిన విరుపును నమ్మవచ్చు, ఒకదానిలో మాత్రమే కనిపించినదాన్ని అనుమానించాలి.

గుండ్రింపునూ రాడార్ గరగరనూ (కొలతల్లోని చిల్లర ఎగుడుదిగుళ్లను) తగ్గించడానికి పటాన్ని నునుపు చేయడం మామూలే, కాని నునుపు చేసే పద్ధతిని బట్టి ఫలితం మారుతుంది. పైన చెప్పిన ఏడు అంకెల మీదే మూడేసి గడుల సగటు తీస్తే, పాదం దగ్గర 8గా ఉన్న విరుపు 2కు పడిపోతుంది; గరగరతో పాటు మెట్టు కూడా అరిగిపోయిందన్నమాట. సగటుకు బదులు మూడింటిలో నడిమి విలువను, అంటే మధ్యగతాన్ని తీసుకుంటే ఎత్తులు 401, 401, 409, 416, 417 అవుతాయి. పాదం దగ్గర 8, భుజం దగ్గర మైనస్ 6 చెక్కుచెదరకుండా నిలుస్తాయి. సగటు అన్నింటినీ సమానం చేస్తుంది, మధ్యగతం ఒంటరిగా ఎగిరిపడిన అంకెను మాత్రమే అణుస్తుంది. వాలు విరుపు కోసం వెతికేవారు ఎంచుకోవలసింది రెండోదే. ఎక్కువమంది అలవాటుగా ఎంచుకునేది మొదటిదే కావడం విచారకరం.

ఎంత దూరం నుంచి చూడాలన్నది తరువాతి ప్రశ్న. మూడు గడుల కిటికీ అంటే 90 మీటర్ల చూపు. అందులో చేను గట్టు కూడా విరుపుగా తోస్తుంది. తొమ్మిది గడుల కిటికీ అంటే 270 మీటర్లు. అందులో పెద్ద మెట్లు మాత్రమే మిగులుతాయి. గ్రాస్ సాఫ్ట్‌వేర్‌లో జియోమార్ఫాన్ అనే పద్ధతి ఈ ఇరకాటాన్ని మరో దారిన దాటుతుంది. జసీవిచ్, స్టెపిన్‌స్కీ అనే పరిశోధకులు 2013లో ప్రకటించిన ఈ పద్ధతిలో, ప్రతి గడిలో నిలబడి ఎనిమిది దిక్కులకూ చూపు సారించి, ఆ దిక్కున నేల తనకంటే పైకి పోతోందా, కిందికి పోతోందా, సమంగా ఉందా అని మాత్రమే అడుగుతారు. ఆ ఎనిమిది జవాబులను బట్టి గడిని శిఖరం, దిన్నె, భుజం, వాలు, పాదం, లోయ, చదును వంటి పది రూపాల్లో ఒకటిగా తేలుస్తారు. చేను గట్టున నిలబడి చుట్టూ చూసే మనిషి తీరుకు ఇది దగ్గరగా ఉంటుంది. ఇందులోని భుజమూ పాదమూ మెట్టు రెండు విరుపులతో నేరుగా సరిపోతాయి కనుక మద్నూర్ వంటి నేలకు ఈ పద్ధతి అతికినట్టు కుదురుతుంది. చదును అనడానికి ఎంత వాలును హద్దుగా పెట్టాలన్నది మాత్రం జాగ్రత్తగా నిర్ణయించాలి; మామూలుగా ఉండే ఒక డిగ్రీ హద్దు గుండ్రింపు మెట్ల వాలుకంటే తక్కువ కాబట్టి, పూర్ణాంకాల పటం మీద దాన్ని పెంచక తప్పదు.

విరుపు అంకెలు వచ్చిన తరువాత వాటిని గీతలుగా మలచాలి. జాన్ కానీ 1986లో ఛాయాచిత్రాల అంచులు పట్టడానికి రూపొందించిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. అందులో రెండు హద్దులు ఉంటాయి: పై హద్దు దాటిన గడి నిస్సందేహంగా గీతలో చేరుతుంది, కింది హద్దును మాత్రమే దాటిన గడి బలమైన గడికి ఆనుకుని ఉంటేనే చేరుతుంది. దీనివల్ల నడుమ కాస్త బలహీనపడిన మెట్టు అంచు తెగిపోదు, చేలలో విడివిడిగా మెరిసిన చుక్కలు గీతలు కావు. ఆ హద్దుల విలువను పుస్తకంలో చూసి తెచ్చుకోకూడదు. ఘాట్ ప్రాంతాల్లో లెక్కకు రాని 3 డిగ్రీల మార్పు రేగడి నేలలో పెద్ద సంగతి కాబట్టి, ఆ ప్రాంతపు గడులన్నింటి విరుపు విలువలను వరుసలో పెట్టి, తల భాగాన ఉన్న కొద్ది శాతాన్ని తీసుకోవడం సబబు.

గీతలు సిద్ధమయ్యాక, జిల్లా రెండు కొసల పుట్టుక భేదం తెర మీదే బయటపడుతుంది. గ్రానైటు గుట్ట కొండలా లేచి పాదం దగ్గర చటుక్కున చదునులో కలుస్తుంది కాబట్టి, ఎల్లారెడ్డి వైపు విరుపు గీతలు గుట్టల చుట్టూ ఉంగరాల్లా మూసుకుంటాయి. బసాల్టు మెట్టు ఒకే లావా పొర అంచు కాబట్టి, మద్నూర్, జుక్కల్ వైపు విరుపు గీత వాగుల మలుపులను అనుసరిస్తూ, ఇంచుమించు ఒకే ఎత్తున చాలా దూరం సాగుతుంది. ఇది ఒక పరీక్షకు దారి చూపుతుంది: విరుపు గడుల ఎత్తులన్నింటినీ లెక్కవేస్తే, అవి కొన్ని ఎత్తుల దగ్గర గుంపులు గుంపులుగా చేరితే బసాల్టు మెట్లని, అన్ని ఎత్తులకూ చెల్లాచెదురుగా ఉంటే మరో కారణం వెతకాలని అర్థం. ప్రతి మీటరుకూ ఒక గుంపు కనబడితే అది పూర్ణాంకాల పని.

మనిషి కట్టిన విరుపులు కూడా ఈ పటంలో ఉంటాయి. నిజాం ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆనకట్ట మంజీర నది లోయకు అడ్డంగా తిన్నని గీతగా కనిపిస్తుంది. దాని వెనుక జలాశయం అద్దంలా చదునుగా, నీటి అంచు చుట్టూ విరుపుగా ఉంటుంది. ఆ నీటి అంచును నేల విరుపుగా పొరబడకుండా ముందే కప్పివేయాలి. 2000 తరువాత ఎత్తు పెంచిన రహదారి కట్టలు, తవ్విన కాలువలు ఎస్ఆర్‌టీఎంలో అసలుండవు. లెండి ప్రాజెక్టు నీరు మద్నూర్, జుక్కల్ మండలాలకు అందవలసి ఉంది కనుక, అలాంటి కాలువ ఎక్కడ సాఫీగా పోగలదో, ఎక్కడ మెట్టు దిగవలసి వచ్చి రాతి డ్రాపు కట్టవలసి వస్తుందో తెలియడానికి ఈ గీతల పటం తొలి అంచనాగా ఉపయోగపడుతుంది. తుది నిర్ణయానికి అది చాలదు.

చాలకపోవడానికి కారణం గడి కొలతలోనే ఉంది. పటంలో 30 మీటర్ల వెడల్పున పరుచుకున్న 15 డిగ్రీల వాలు, నేల మీద మూడు మీటర్ల వెడల్పులో నిలువుగా తెగిన రాతి ఒడ్డు కావచ్చు, దాని పైనా కిందా చదును చేను కావచ్చు. గడి ఆ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చెబుతుంది. కాబట్టి గీత పడిన చోటుకు వెళ్లి, మెట్టుకు అడ్డంగా పైనుంచి కిందికి నడవాలి. ఖరీదైన పరికరాలు అవసరం లేదు. మేస్త్రీలు గోడల మట్టం చూడడానికి వాడే నీళ్ల పైపు, అంగుళాల గుర్తులు వేసిన రెండు కర్రలు ఉంటే, పైపు రెండు కొసల్లో నీరు ఒకే మట్టాన నిలిచినప్పుడు కర్రల మీది తేడాయే ఆ రెండు చోట్ల ఎత్తు తేడా. ఒకరు పైన, ఒకరు కింద నిలబడి, రెండు మూడు మీటర్లకొకసారి ఆ తేడాను పుస్తకంలో రాసుకుంటూ దిగితే, మట్టి రంగు మొరం ఎరుపు నుంచి రేగడి నలుపుకు తిరిగే చోటు, రాళ్లు తేలిన చోటు, వానాకాలం తరువాత కూడా తడి ఆరని చోటు ఆ అంకెల పక్కనే నమోదవుతాయి. ఆ నడకలో నీరు ఎప్పుడు ఎక్కడ నిలుస్తుందో చెప్పగలిగిన చేను యజమాని వెంట ఉండడం, ఫోనులోని జీపీఎస్ ఉండడం కంటే ముఖ్యం. పటం గీతకూ నేల గీతకూ మధ్య తేడా ఒక గడి లోపు ఉంటే ఆ గీతను అలాగే ఉంచి, రెండు గడులకు మించితే హద్దులు మార్చి మళ్లీ లెక్కించి, ఆ తరువాతే ఇంకుడు కుంటకు ముగ్గు పోయాలి.